నాయన కాలి పుండు, షుగరు, డ్రెస్సింగ్ రూం సిస్టరు: నా అనుభవం

మా నాయనకి షుగరు వచ్చి పదేండ్లు దాటింది. ఇన్నేండ్లూ మా ఇంట్లో షుగరంటే పొద్దున్నే ఒక మాత్ర, గుర్తొచ్చినప్పుడు ఒక రక్తపరీక్ష, పండగప్పుడు పాయసం గిన్నె ఆయన ముందర నుంచి పక్కకి జరపడం, అంతే. కాలికి పుండు పడి ఆస్పత్రి చుట్టూ తిరగడం మొదలుపెట్టినాక తెలిసింది, ఈ జబ్బుకి వైద్యం చాలావరకు ఇంట్లోనే జరగాల, అది ఎట్ల చెయ్యాలో కూర్చోబెట్టి నేర్పే మనిషి ఒకరు ఉండాల అని. మాకు ఆ మనిషి ఒక నర్సు రూపంలో దొరికింది. ఆమె ఏం చేసిందో, ఎట్ల నేర్పిందో గుర్తున్నంత వరకు వివరంగా రాస్తా ఉన్నా, ఇంట్లో షుగరు బీపీ ఉండే పెద్దోళ్ళు ఉన్నోళ్ళకి పనికొస్తాదని.

మాది పాకాల పక్క ఊరు. మామిడి తోట, రెండు ఆవులు. నేను పెండ్లయి తిరుపతిలో ఉండా, నాయన అమ్మ ఊర్లోనే. నాయనకి కుడికాలి బొటనవేలి కింద చాన్నాళ్ళ నుంచి ఆనెకాయ కట్టి ఉండింది, తోటలో తిరిగే మనిషికి అది మామూలే అని ఎవరూ పట్టించుకోలేదు. దాని కింద పుండయింది, ఆయనకి నొప్పే తెలీలేదు. అమ్మ బండలు తుడుస్తా నేలమీద రసి మరక చూసి ఇదేందని అడిగితే గానీ ఆయన కాలు తిప్పి చూసుకోలేదు. ఊర్లో ఒకరు పసుపు పెట్టమన్నారు, ఒకరు ఏదో పౌడరు చల్లమన్నారు, అదంతా అయినాక నాకు ఫోన్ చేసినారు.

తిరుపతిలో రుయా, స్విమ్స్ పెద్దాస్పత్రులు ఉండేదాని వల్ల చుట్టుపక్కల ఊర్లోళ్ళంతా ఇక్కడికే వస్తారు, మా వైపు కొందరు వేలూరు సీఎంసీకి కూడా పోతారు. మేము చూపించింది ఎక్కడనేది ముఖ్యం కాదు. డాక్టరు కాలు చూసి, ఎక్స్‌రే తీయించి, ఎముక దాకా పోలేదు మీ అదృష్టం అన్నాడు. ఆనెకాయ చెక్కి పుండు శుభ్రం చేసినారు. షుగరు 340, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 11.2. మాత్రలతో కాదు ఇంక ఇన్సులిన్ తప్పదు అని పొద్దున 20 యూనిట్లు, రాత్రి 12 యూనిట్లు రాసిచ్చి, వారానికోసారి డ్రెస్సింగ్‌కి రమ్మన్నాడు. బాగానే చూసినాడు, కానీ బయట వరండా నిండా జనం ఉంటే ఒక మనిషితో ఎంతసేపని మాట్లాడతాడు. అక్కడి నుంచి మమ్మల్ని డ్రెస్సింగ్ రూంకి పంపించినారు, అసలు సంగతి ఆడ మొదలయింది.

ఆ సిస్టరు కట్టు కట్టే ముందే స్టూలు లాక్కొని కూర్చుని అడగడం మొదలుపెట్టింది. పొద్దున ఎన్నింటికి లేస్తారు పెద్దాయనా, లేచినాక మొదట ఏం చేస్తారు, పాలు పిండేది ఎవరు, టిఫిన్ ఎన్నింటికి, మాత్రలు ఇంట్లో ఎక్కడ పెడతారు, ఎవరు తీసిస్తారు, అయిపోతే ఎవరు తెస్తారు. నాకైతే ఈమెకి ఇవన్నీ ఎందుకా అనిపించింది. కానీ ఆ మాటల్లోనే బయటపడింది నాయన మాత్ర రోజూ వేసుకోవడంలేదని. ఒళ్ళు తేలిగ్గా ఉన్న రోజు మానేస్తాడంట, కళ్ళు తిరిగినట్టుంటే వేసుకుంటాడంట. పదేండ్లు ఒకే ఇంట్లో ఉన్న అమ్మకి తెలీదు ఈ సంగతి. సిస్టరు తిట్టలేదు, "ఎందుకు మానేస్తారు, వేసుకుంటే ఏమన్నా ఇబ్బందిగా ఉంటాదా" అనింది. మాత్ర వేసుకుని పాల కేంద్రానికి పోతే దారిలో వణుకు వస్తాది అన్నాడు. టిఫిన్ తినకుండా ఖాళీ కడుపుతో మాత్ర వేసుకుని అంత దూరం నడిస్తే షుగరు పడిపోదా మరి. ఆయన మొండితనం అని మేము అనుకున్నదానికి వెనక ఒక కారణం ఉంది, దాన్ని ఇంతకుముందు ఎవరూ అడగలేదు.

ఇంకోటి కూడా చెప్పింది, మళ్ళీ వచ్చేటప్పుడు ఇంట్లో ఉండే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని రండి, పాతవి, సగం మిగిలినవి, ఎవరో ఇచ్చినవి అన్నీ అని. తెచ్చి బల్లమీద పోస్తే ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో రెండు స్ట్రిప్పులు ఉన్నాయి, వేర్వేరు చోట్ల రాయించుకున్నవి. రెండూ వేసుకున్న రోజులు కూడా ఉన్నాయంట. ఆమె ఆ రెండూ డాక్టరు దగ్గరికి తీసుకపోయి చూపించి, ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో రాయించుకొచ్చింది. మీ ఇంట్లో కూడా ఒకసారి ఆ సంచి పని చేయించండి, చానా ఇండ్లల్లో ఇదే కథ.

కాలికి చేసిన పరీక్ష గురించి చెప్పాల. చేపల గాలానికి కట్టే దారం మాదిరి గట్టి నైలాన్ పోగు ఒకటి, చిన్న పిడికి పెట్టి ఉంటాది, మోనోఫిలమెంట్ అంటారు. అది వంగేదాకా పాదం మీద ఆనిస్తే 10 గ్రాముల ఒత్తిడి పడతాది. నాయనని కళ్ళు మూసుకోమని, తగిలినప్పుడల్లా చెప్పండి అని పాదం కింద అక్కడక్కడ ఆనిచ్చింది. నాయన ఊరకే ఉన్నాడు. కాసేపయినాక "ఎప్పుడు పెడతావమ్మా" అన్నాడు. అప్పటికి పాదమంతా తిరిగొచ్చింది ఆమె. నాకు ఏడుపొచ్చింది ఆడ. ఆయనకి కండ్లు తెరవమని మళ్ళీ ఆనిచ్చి చూపించింది, చూడండి తగలతా ఉంది గదా, తెలుస్తా ఉందా అని. ఆ రోజు నుంచి నాయనకి ఒక విషయం అర్థమయింది, కాలు చెప్పదు కాబట్టి కంటితో చూడాల అని. రోజూ రాత్రి పాదం కింద అద్దం పెట్టుకుని చూస్తాడు, సరిగ్గా కనపడకపోతే అమ్మ చూస్తాది. చెప్పులు తొడిగే ముందు బోర్లించి దులిపి లోపల చెయ్యి పెట్టి చూడాల, నీళ్ళు వేడిగా ఉండాయో లేదో మోచేత్తో చూసుకోవాల గానీ కాలు పెట్టి కాదు, పాదాలకి కొబ్బరినూనె రాసుకోవచ్చు గానీ వేళ్ళ సందుల్లో వద్దు, ఆనెకాయ బ్లేడుతో కోసుకోవద్దు. ఇంట్లో కూడా చెప్పులతోనే తిరగాల. ఈ చివరిది మా అమ్మకి మింగుడుపడలేదు, ఇంట్లో చెప్పులేంది దేవుడి పటాలు ఉన్నచోట అని. సిస్టరే ఉపాయం చెప్పింది, ఇంట్లోకి వేరే జత పెట్టుకోండి, బయట మట్టి తొక్కనిది, దేవుడి గది దగ్గర మాత్రం విడిచి కూర్చోనే పూజ చెయ్యండి అని. అది అమ్మకి నచ్చింది.

పుండు మానేదానికి అన్నిటికన్నా కష్టమయింది కాలు కింద పెట్టకుండా ఉండడం. నాయన కుదురుగా కూర్చునే మనిషి కాదు, అది కాయలు దిగే కాలం. మందు బాగా పూస్తా ఉన్నారు గదా ఇంకెందుకు మానదు అని ఆయన అడిగితే, సిస్టరు ఆయన భాషలోనే చెప్పింది: "అంటు కట్టిన కొమ్మని రోజూ పొయ్యి కదిలిస్తే అతుకుతాదా పెద్దాయనా? మీరు అడుగేసినప్పుడల్లా లోపల కొత్తగా వచ్చే చర్మం చితికిపోతాది." తోటోడికి ఆ ఒక్క మాట చాలింది. బొటనవేలి కింద బరువు పడకుండా ప్రత్యేకంగా చేయించిన చెప్పు, చేతికి కర్ర, పాలు పిండేది పక్కింటాయన, తోట పని మా తమ్ముడు. ప్రతి వారం కాగితం స్కేలు పెట్టి పుండు పొడుగు వెడల్పు కొలిచి నాయనకే చూపించేది. తగ్గతా ఉంటే ఆయనకి ఓపిక వచ్చింది. ఇంటి దగ్గర కట్టు ఎట్ల మార్చాలో అమ్మకి నేర్పింది, సెలైన్‌తో కడగడం, స్పిరిట్టు, పసుపు, పౌడరు ఏదీ తగలనీయకపోవడం, చుట్టూ ఎర్రబడినా వాసన వచ్చినా జొరం వచ్చినా కట్టు కోసం ఆగకుండా వెంటనే రావడం.

ఇంక ఇన్సులిన్. ఇది చదివేవాళ్ళల్లో ఎవరైనా సీసా నుంచి సిరంజితో లాగి వేసుకునేవాళ్ళు ఉంటే ఈ పేరా జాగ్రత్తగా చదవండి. మొదటి రెండు వారాలు రోజూ సూది వేస్తా ఉన్నా షుగరు 300 కిందికి దిగలేదు. మామూలుగా అయితే డోసు పెంచేస్తారు. సిస్టరు మాత్రం ఇంట్లో ఎట్ల వేస్తా ఉన్నారో నా ముందర చేసి చూపించండి, మీ సీసా మీ సిరంజి తెచ్చుకుని రండి అనింది. అమ్మ తెచ్చింది. సిస్టరు సిరంజి చూడంగానే ఆపేసింది. సీసా మీద మిల్లీలీటరుకి 40 యూనిట్లు అని ఉంది, మందుల షాపోడు ఇచ్చిన సిరంజి 100 యూనిట్లది, నారింజ రంగు మూత. 40 సీసాకి 40 సిరంజే వాడాల, దాని మూత ఎర్రగా ఉంటాది. 100 సిరంజిలో 20 గీత దాకా లాగితే నిజంగా ఒంట్లోకి పోయేది 8 యూనిట్లే. అమ్మ గీత చూసి సరిగ్గానే లాగింది, తప్పు సిరంజి ఇచ్చిన చోట జరిగింది. ఇదే గనక కనిపెట్టకుండా డోసు పెంచేసి, తర్వాత ఎవరో సరైన సిరంజి ఇచ్చి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడే. డాక్టరుకి చెప్పి, డోసు అదే ఉంచి, సిరంజి మార్పించింది. ఆ వారం నుంచే షుగరు దిగడం మొదలయింది.

సూది వేసే పద్ధతి కూడా చెప్పేసి పంపించేది కాదు. తను చేసి చూపించి, తర్వాత అమ్మతో చేయించి, ఆఖర్న "ఇప్పుడు నేను మీ ఇంటికొచ్చిన మీ చెల్లెల్ని అనుకోండి, నాకు నేర్పండి" అనేది. అమ్మ నేర్పేటప్పుడు ఎక్కడ తడబడతా ఉందో అక్కడ మళ్ళీ చెప్పేది. తెల్లగా మబ్బుగా ఉండే ఇన్సులిన్‌ని ఊపకుండా అరచేతుల మధ్య దొర్లించాల, బొడ్డుకి రెండు వేళ్ళ దూరం వదిలి పొట్ట మీద వెయ్యాల, రోజూ ఒకేచోట గుచ్చితే అక్కడ గడ్డ కట్టి మందు సరిగ్గా ఎక్కదు కాబట్టి చోటు మారుస్తా పోవాల, వేసినాక రుద్దకూడదు. వాడే సీసా మీద తెరిచిన తేదీ రాసి నాలుగు వారాలకి తీసెయ్యాల, తెరవని సీసాలు ఫ్రిజ్జులో పెట్టాల గానీ ఐసు గడ్డకట్టే అరలో కాదు. వాడిన సూదులు గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి నిండినాక ఆస్పత్రిలో ఇచ్చెయ్యాల, చెత్తలో పారేస్తే చెత్త తీసే అమ్మాయికి గుచ్చుకుంటాది.

షుగరు పడిపోతే ఏం చెయ్యాలో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చి ఫ్రిజ్జు మీద అంటించమంది. అది ఎంత పనికొచ్చిందో. ఒక పొద్దున సూది వేసుకున్నాక కాయలకి లారీ వచ్చిందని నాయన టిఫిన్ తినకుండా కర్ర పట్టుకుని గేటు దాకా పోయినాడు. చెమటలు పట్టి చేతులు వణకతా మాట తడబడతా వచ్చి అరుగు మీద కూలబడినాడు. అమ్మ ఒక్కతే ఉంది. మిషన్లో చూస్తే 58. 70 కిందికి వస్తే ఆగకూడదని కాగితంలో ఉంది. మూడు స్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి తాపించి, పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ చూస్తే 84. అప్పుడు ఇడ్లీ తినిపించింది. నాకు ఫోన్ చేసేసరికి అంతా సర్దుకుంది. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోన్ చెయ్యాలని కూడా ఆ కాగితంలోనే ఉంది. తర్వాత వారం సిస్టరు ఒక మార్పు చెప్పింది, గడియారం చూసి సూది వెయ్యద్దమ్మా, పొయ్యి మీద ఇడ్లీ ఉడకతా ఉంటే అప్పుడు వెయ్యండి అని. అప్పట్నుంచి మళ్ళీ అట్ల జరగలేదు.

తిండి విషయానికొస్తే, మా వైపు సంగటి లేకుండా పూట గడవదు. రాగి షుగరుకి మంచిది అని అందరూ చెప్పి చెప్పి నాయన అన్నం మానేసి పెద్ద పెద్ద సంగటి ముద్దలు రెండు తినేవాడు. రాగిలో పీచు ఎక్కువే, కానీ పిండిపదార్థం బియ్యంలో ఉన్నంత దగ్గర దగ్గర ఉంటాది, పైగా మనం సంగట్లో బియ్యం కూడా వేస్తాం గదా. సిస్టరు సంగటి మానమని చెప్పలేదు. ఒక ముద్ద చాలు, దాని పక్కన పులగూరో పప్పో కూరాకో సగం తట్ట నిండా ఉండాల, ఒక గుడ్డు ఉంటే ఇంకా మంచిది అనింది. మామిడికాయల సంగతి ఇంకా బాగా చేసింది. బేనీషా తోట పెట్టుకున్న మనిషికి ఎండాకాలంలో పండు తినద్దంటే వింటాడా. తినే ముందు ఒకసారి, తిన్న రెండు గంటలకి ఒకసారి మిషన్లో చూసి రాసుకోండి, మీ ఒంటికి ఎంత పండు సరిపోతాదో మీరే చెప్పండి అనింది. మొదటిసారి తిన్నాక చూస్తే 380 వచ్చి అమ్మ భయపడి ఫోన్ చేసింది. "కాయ కోసిన చేత్తోనే గుచ్చినారా? సబ్బుతో కడుక్కుని మళ్ళీ చూడండి" అనింది. కడుక్కుని చూస్తే 262. వేలికి అంటిన పండు రసం కూడా లెక్కలోకి వచ్చిందన్నమాట. అయినా తినకముందు 148 ఉండింది, ఒక పూర్తి పండుకి అంత ఎక్కింది. ఇంకో రోజు సంగటి తగ్గించుకుని రెండు ముక్కలే తిని చూసుకున్నాడు, 131 నుంచి 178. ఎవరూ చెప్పకుండానే రెండు ముక్కల దగ్గర ఆగిపోయినాడు. మేము ఇన్నేండ్లు చేతిలో పండు లాక్కుంటే జరగనిది నోటుబుక్కులో ఆయన చేత్తో రాసుకున్న నంబర్లతో జరిగింది.

పుండు మూసుకుంటా ఉన్నప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. కాలు బాగయితే అలిపిరి నుంచి చెప్పుల్లేకుండా నడిచి కొండెక్కుతానని నాయన మొక్కుకున్నాడంట, మాకెవరికీ చెప్పలేదు. 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దగ్గర దారి, స్పర్శ లేని కాలితో. నేను గట్టిగా వద్దన్నా, ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. సిస్టరుకి చెప్తే ఆమె మొక్కు తప్పని అనలేదు, ఆమెదీ తిరుపతే, ఆమెకి తెలుసు ఆ మాట ఎంత బరువో. పుండు పైకి మూసుకున్నా లోపల చర్మం ఇంకా బలంగా ఉండదు, ఇట్లాంటి పుండ్లు మానినోళ్ళల్లో పదిమందిలో నలుగురికి ఏడాది లోపల మళ్ళీ వస్తాయి, అప్పుడు కాలు పోయే భయం ఎక్కువ అని ఉన్నదున్నట్టు చెప్పింది. చెప్పి, "స్వామి మిమ్మల్ని రమ్మన్నాడు గానీ కాలు ఇచ్చెయ్యమన్నాడా పెద్దాయనా, మీ ఇంట్లో మీ పేరు మీద ఎవరైనా ఎక్కితే ఒప్పుకుంటారా" అని అడిగింది. నాయన చానాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆఖరికి మా తమ్ముడు మెట్లెక్కినాడు, నాయన బస్సులో వచ్చినాడు. మాడవీధుల్లో ఎండ పడకముందే, మందం నూలు సాక్సులతో. కిందికి రాంగానే సాక్సులు విప్పి అద్దం పెట్టి చూసుకున్నాడు.

ప్రతిదానికీ తిరుపతికి రాలేము కాబట్టి ఊర్లో ఉండే హెల్త్ క్లినిక్ మేడంతో మాట్లాడమని సిస్టరే చెప్పింది. ఆమె కూడా బీఎస్సీ నర్సింగ్ చదివినామే, సీహెచ్ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) అంటారు. మా ఊరోళ్ళు ఆడికి పిల్లల టీకాలకి తప్ప పోయేవాళ్ళు కాదు. నిజానికి 30 ఏండ్లు దాటిన అందరికీ బీపీ, షుగరు చూడడం వాళ్ళ పనిలో భాగమే, అవసరమైతే వీడియో కాల్‌లో డాక్టరుతో కూడా మాట్లాడిస్తారు. వారానికోసారి నాయన ఆడికి పొయ్యి నోటుబుక్కు చూపిస్తాడు, ఆమె కాలు చూస్తాది, ఏమన్నా తేడా ఉంటే ఫోటో తీసి మాకు పంపిస్తాది.

ఇప్పుడు నాయన హెచ్‌బీఏ1సీ 7.4. పుండు మానింది, ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు చెప్పులు వేసుకుని తోటకి పోతా ఉన్నాడు, పాలు కూడా మళ్ళీ ఆయనే పిండతా ఉన్నాడు. ఏడాదికోసారి చెయ్యాల్సిన కంటి లోపలి పొర (రెటీనా) పరీక్ష, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష ఇంతవరకు ఒక్కసారి కూడా చేయించలేదని సిస్టరు మా పుస్తకంలో ఎర్ర పెన్నుతో రాసింది. మూత్రం పరీక్ష అయింది, కంటికి తిరుపతి అరవింద్‌లో చూపించాల, వచ్చే నెల తీసుకపోతా.

అన్నట్టు, నాయనతో పాటు క్లినిక్‌కి పోయిన అమ్మని కూడా మేడం ఊరకే పంపించలేదు. అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టి, వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేలకి ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద పెట్టించి బీపీ చూసింది, రెండుసార్లు. 156/98. వేరే రోజుల్లో మళ్ళీ పిలిచి చూసినా దగ్గర దగ్గర అంతే ఉంది. ఎప్పుడూ తలనొప్పి అని కూడా అనని మనిషి. ఊరగాయలు, ఉప్పు మిరపకాయలు, అప్పడాలు లేకుండా ముద్ద దిగదు ఆమెకి. రోజుకి మనిషికి అన్నిట్లో కలిపి ఒక టీస్పూను ఉప్పు, అంటే 5 గ్రాముల లోపలే ఉండాలని మేడం చెప్తే, నెలకి ఇంట్లో ఎంత ఉప్పు ప్యాకెట్లు అయిపోతా ఉండాయో అమ్మ లెక్క చూసుకోవడం మొదలుపెట్టింది. పోయిన వారం నుంచి ఆమెకీ ఒక మాత్ర మొదలయింది, నాయన నోటుబుక్కు పక్కన ఆమెకి వేరే నోటుబుక్కు కొనిపెట్టినా.